లేబుళ్లు రాసిన చెయ్యి: హామిద్ ఐతాచ్ గురించి నాలుగు మాటలు

(హైదరాబాద్‌లో అక్షరకళ మీద జరిగిన ఒక చిన్న సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఉపన్యాసకుణ్ని కాదు. బోర్డులు రాసేవాణ్ని. కిరాణా కొట్ల షట్టర్లు, లారీల వెనక తలుపులు, ఎలక్షన్ల ముందు గోడలు రాసి బతికాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు పెళ్లికార్డులకీ, పుస్తకాల అట్టలకీ అక్షరాలు గీసి ఇస్తున్నాను. నాకు అరబ్బీ చదవడం రాదు, టర్కీ భాష అసలే రాదు. మరి ఇస్తాంబుల్ కాలిగ్రాఫర్ గురించి నువ్వేం మాట్లాడతావయ్యా అని మీరు అడగొచ్చు. మా ఇంట్లోవాళ్లు అడిగారు కూడా.

కారణం చెబుతాను. పాతబస్తీ ఛత్తాబజార్ మీకు తెలుసు కదా? పెళ్లికార్డులు అచ్చువేసే సందులు. కంప్యూటర్లు రాకముందు అక్కడ చిన్న చిన్న గదుల్లో కాతిబ్‌లు కూర్చుని, మోకాలు మీద అట్ట పెట్టుకుని ఉర్దూ రాస్తుంటే నేను గంటలు గంటలు నిలబడి చూసేవాణ్ని. వాళ్లు కలం కదిలించే తీరు, ఊపిరి బిగబట్టే తీరు చూసి నేర్చుకున్నదే నా తెలుగు అక్షరాల్లోకీ వచ్చింది. 'కలం' అనే మాటే చూడండి, అరబ్బీది. పార్శీ మీదుగా మన నోట్లోకి వచ్చి కూర్చుంది. కాగితం కూడా ఆ దారిన వచ్చిందే. మన సొంత గంటాన్ని తాటాకుల దగ్గరే వదిలేశాం.

హామిద్ ఐతాచ్ గురించి మొదటిసారి చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆయన రాసిన మసీదు గోడలు కాదు. ఆయన విజిటింగ్ కార్డులు, సరుకుల లేబుళ్లు, పెళ్లికార్డులు అచ్చువేసి బతికాడన్న ముక్క. ఒట్టోమన్ సుల్తాన్ల కాలంలో నేర్చుకున్న విద్య అది. సుల్తాన్ పోయాడు, ఖలీఫా పోయాడు, చివరికి లిపే పోయింది. ఆయన మాత్రం ప్రెస్సుల సందులో దుకాణం తెరిచి కూర్చున్నారు. మనవాడే అనిపించింది.

ఆయన్ని 'చివరి ఒట్టోమన్ కాలిగ్రాఫర్' అంటారు. ఏ వ్యాసం చూసినా మొదటి లైనులో అదే. ఆ 'చివరి' అన్న మాట మీద నాకో పేచీ ఉంది. అది తేల్చుకోవడానికే వచ్చాను.

ఆయన పుట్టింది 1891లో, దియార్‌బకిర్‌లో. టర్కీలోనే ఆగ్నేయ మూలన, టైగ్రిస్ నది ఒడ్డున ఉన్న పాత ఊరు అది. ఊరి చుట్టూ నల్లరాతి కోట గోడ ఉంటుంది. ఆ ఊరి పాతపేరు ఆమిద్. తల్లిదండ్రులు పెట్టిన పేరు హామిద్ కాదు, మూసా అజ్మీ. కుటుంబంలో పూర్వం ఆదం ఆమిదీ అనే పేరున్న కాలిగ్రాఫర్ ఉండేవాడు కాబట్టి రాత ఇంటి విద్యే అనుకోవాలి. కుర్రాడు పదహారు, పదిహేడేళ్ల వయసులో ఇస్తాంబుల్ చేరాడు. ముందు న్యాయవిద్యలో చేరాడు. ఒక ఏడాది చదివి, అది వదిలి లలితకళల బడికి మారాడు. ఇంతలో తండ్రి పోయారు, డబ్బు ఆగిపోయింది, చదువూ ఆగిపోయింది. ఒక బడిలో దస్తూరి నేర్పే పంతులుగా కుదిరాడు. అక్కణ్నుంచి ప్రెస్సులోకి వెళ్లాడు.

ఆ రోజుల్లో సైన్యానికి సొంత ప్రెస్ ఉండేది. అందులో రాతపని చేసే నజీఫ్ బే అప్పటికే పెద్ద పేరున్న హత్తాత్. హత్తాత్ అంటే టర్కీలో కాలిగ్రాఫర్. హామిద్ ఆయన దగ్గర కొంత నేర్చుకున్నారు. 1913లో నజీఫ్ బే చనిపోతే ఆ ఉద్యోగం హామిద్‌కి వచ్చింది. మ్యాపుల మీద ఊళ్ల పేర్లు రాయడం, ఫారాలు, పత్రాలు... మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మ్యాపుల పని మీద జర్మనీ కూడా వెళ్లి వచ్చారు. సర్కారు ఉద్యోగి కాబట్టి బయటి పనులు సొంత పేరుతో చెయ్యడానికి వీల్లేదు. జీతం చాలదు. ఏం చేస్తారు? ఇంకో పేరు పెట్టుకున్నారు: హామిద్. ఆ దొంగపేరే... (నవ్వులు) అవునండీ, మన దగ్గర కూడా గవర్నమెంటు టీచర్లు భార్య పేరుతో ట్యూషన్ సెంటర్ పెట్టలేదా? ఆ పేరే చివరికి అసలు పేరైంది. యుద్ధం అయ్యాక ఉద్యోగం వదిలేసి 'హత్తాత్ హామిద్ రాతల కొట్టు' అని సొంత దుకాణం పెట్టారు. ఇస్తాంబుల్‌లో పత్రికలూ ప్రెస్సులూ ఉండే పేట జాలోలూ. మన ఛత్తాబజార్ లాంటిదే అనుకోండి, కాస్త పెద్దది.

కథ ఇక్కడ ఆపి, ఆయన నేర్చుకున్న విద్య ఏంటో చెప్పాలి. అది తెలియకపోతే 1928లో టర్కీ అరబ్బీ లిపిని మానేసినప్పుడు ఏం పోయిందో అర్థం కాదు. నాకు అసలు ఇష్టమైన భాగం కూడా ఇదే. టైమ్ ఎక్కువ తీసుకుంటే నిర్వాహకులు నన్ను క్షమించాలి.

ముందు సిరా. దీపపు మసి పడతారు. అవిసె నూనె లాంటివి కాల్చి ఆ మసిని పోగుచేసి, తుమ్మబంక నీళ్లు కలిపి రోట్లో నూరతారు. ఒక పూట రెండు పూటలు కాదు, రోజుల తరబడి. ఎంత నూరితే అంత నున్నన. అంటే మన కాటుకే, బంక కలిపిన కాటుక. ఇస్తాంబుల్‌లో సులేమానియే మసీదు ఉంది, పదహారో శతాబ్దంలో సినాన్ కట్టినది. అందులో వెలిగే నూనెదీపాల పొగ అంతా గాలివాటున ఒక గదిలోకి చేరేలా కట్టాడట. ఆ గదిలో పేరుకున్న మసితో సిరా చేసేవారని చెబుతారు. ఇంకో ముచ్చట ఉంది. మక్కా వెళ్లే బిడారుల్లో ఒంటెలకి సిరా బుడ్లు కట్టి పంపేవారట. దారి పొడుగునా ఊగుతూ కుదుపులకి సిరా బాగా కలిసి వస్తుందని! నిజమో కాదో గానీ, నూరి నూరి చేతులు పడిపోయినవాడెవడో ఈ ఉపాయం కనిపెట్టి ఉంటాడు. సిరాబుడ్డిలో ముడిపట్టు పోగుల ఉండ వేస్తారు. కలం ముంచితే అది ఎంత కావాలో అంతే సిరా ఇస్తుంది, పాళీ అడుక్కి తగిలి విరగదు.

తరవాత కాగితం. మామూలు కాగితం సిరాని పీల్చేస్తుంది. అందుకని గుడ్డు తెల్లసొనలో పటిక వేసి గిలక్కొట్టి కాగితానికి పూస్తారు. ఆరాక నున్నటి రాయితో రుద్ది మెరుగు పెడతారు. దాన్ని వెంటనే వాడరు, కనీసం ఏడాది పాటు పక్కన పెడతారు. అప్పుడు దాని మీద రాస్తే సిరా లోపలికి ఇంకదు, పైనే ఉంటుంది. తప్పు రాస్తే తడి చేత్తో తుడిచెయ్యొచ్చు, లేదా నాలుకతో నాకెయ్యొచ్చు. అందుకే టర్కీ భాషలో బాగా చదువుకున్నవాణ్ని 'సిరా నాకినవాడు' అంటారు. మనం నాలుగు అక్షరం ముక్కలు వచ్చినవాడు అంటాం చూడండి, అలాగ.

కలం రెల్లుది. వేడి దేశాల మడుగుల్లో పెరిగే గట్టి రెల్లు. పాళీని ఏటవాలుగా కోస్తారు, చీలిక పెడతారు. పాళీ వెడల్పు ఎంతో చుక్క అంత. ఆ చుక్కతోనే అక్షరాలన్నీ కొలుస్తారు. కలాన్ని కాగితం మీద ఆనించి కొద్దిగా లాగితే డైమండ్ ఆకారంలో చుక్క పడుతుంది. సులుస్ అనే రాతలో నిలువుగీత, 'అలిఫ్', ఇన్ని చుక్కల పొడుగుండాలి, ఫలానా వంపు ఇన్ని చుక్కల లోతుండాలి అని లెక్క. స్కేలు లేదు, చుక్కలే. మన ఆడవాళ్లు ముగ్గు వేసేటప్పుడు ఇరవయ్యొకటి చుక్కలు, పదకొండు వరసలు అంటారు చూడండి, అది గుర్తొచ్చింది నాకు.

ఇక చదువు. గురువు పైన ఒక లైను రాసిస్తాడు. శిష్యుడు కింద రాసుకుని వస్తాడు. గురువు ఎర్రసిరాతో దిద్దుతాడు. తెలుగులో ఎంత అందమైన మాట ఉందో చూడండి. ఓనమాలు 'దిద్దడం' అంటే రాసిందాని మీదే మళ్లీ రాయడం. తప్పు 'దిద్దడం' అంటే సరిచెయ్యడం. రెండింటికీ ఒకటే మాట. వాళ్ల పద్ధతి మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. మొదటి పాఠం అక్షరాలు కాదు, ఒక ప్రార్థన. 'రబ్బీ యస్సిర్'. ప్రభూ, సులువు చెయ్యి, కష్టం చెయ్యకు, మంచిగా ముగించు. మనకు ఓనమాలు అంటే 'ఓం నమః'తో మొదలుపెట్టినట్టే. తేడా ఒక్కటే. మనవాళ్లు పలక మీద ఆ పూట రాయించి పప్పుబెల్లాలు పంచుతారు. అక్కడ ఆ ఒక్క లైను మీదే నెలలు గడిచిపోతాయి. కొందరు అక్కడే మానేస్తారు. గురువు సరే అంటే రెండో పాఠం. ఇలా ఏళ్లు గడిచాక ఇజాజత్ ఇస్తారు, అంటే అనుమతి. దేనికి అనుమతి? సంతకం పెట్టడానికి. 'కెతెబెహు', అంటే దీన్ని రాసినవాడు ఫలానా, అని తన పని కింద పేరు వేసుకునే హక్కు అప్పుడు వస్తుంది. అంతవరకు ఎంత బాగా రాసినా పేరు వెయ్యకూడదు.

మా గురువుగారు నా పేరు బోర్డు మూల రాసుకోవడానికి ఆరేళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు తిట్టుకున్నాను. అది వేరే కథ లెండి.

ఈ ఇజాజత్‌ల వల్ల ఏమవుతుందంటే ఒక గొలుసు ఏర్పడుతుంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో వెనక్కి చెప్పుకుంటూ పోవచ్చు. గొలుసులో పైన బాగ్దాద్‌లో యాకూత్ ఉంటాడు. పదమూడో శతాబ్దం. 1258లో మంగోలులు బాగ్దాద్‌ని తగలబెడుతుంటే ఆయన కలం, సిరా పట్టుకుని ఒక మినార్ ఎక్కి దాక్కున్నాడనీ, కాగితం లేక గుడ్డ మీద రాస్తూ కూర్చున్నాడనీ కథ. ఊరు కాలిపోతుంటే అక్షరం దిద్దుకుంటున్నాడు! పిచ్చి అనండి, ఇంకేమైనా అనండి. యాకూత్ రాతను ముందు పెట్టుకుని, దాన్నుంచి కొత్త బాణీ తీసినవాడు అమాస్యా ఊరి షేక్ హమ్దుల్లా. అమాస్యాలో ఆయన దగ్గర రాత నేర్చుకున్న రాకుమారుడు రెండో బాయజీద్ 1481లో సుల్తాన్ అయ్యాక గురువుని ఇస్తాంబుల్‌కి పిలిపించుకున్నాడు. హమ్దుల్లా 1520లో పోయాడు. ఆ తరవాత హాఫిజ్ ఉస్మాన్, 1642 నుంచి 1698 దాకా. రాజులకీ నేర్పాడు, డబ్బు లేనివాళ్లకి ఉచితంగానూ నేర్పాడు. రెండో ముస్తఫా సుల్తాన్ ఆయన రాస్తుంటే సిరాబుడ్డి పట్టుకుని నిలబడేవాడట. ఒకనాడు సుల్తాన్ "ఇంకో హాఫిజ్ ఉస్మాన్ పుడతాడా?" అన్నాడట. "గురువుకి సిరాబుడ్డి పట్టే సుల్తాన్లు ఉన్నంతకాలం చాలామంది పుడతారు ప్రభూ" అన్నాడట ఈయన. ఎంత గడుసు జవాబో చూడండి. ఇద్దరినీ పొగిడింది, జీతం సంగతి కూడా గుర్తుచేసింది. ఆ తరవాత ముస్తఫా రాకిమ్, 1826లో పోయాడు. గోడల మీద రాసే పెద్ద అక్షరాలకి కొలతలు కుదిర్చింది ఆయనే. హామిద్ ఎక్కువగా నేర్చుకున్నది ఈ రాకిమ్ పనుల్ని చూసే. బతికున్న గురువుల దగ్గర కొంత, చచ్చిపోయిన గురువుల దగ్గర ఎక్కువ.

ఖురాన్ మక్కాలో దిగింది, కైరోలో చదివారు, ఇస్తాంబుల్‌లో రాశారు అని ఒక సామెత ఉంది. ఆ ఊరికి ఈ రాత అంటే అంత గర్వం.

ఇప్పుడు 1928కి వద్దాం.

అప్పటికి టర్కీ రిపబ్లిక్ అయి ఐదేళ్లు. 1924లోనే ఖలీఫా పదవిని రద్దుచేసి చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ని దేశం దాటించారు. ఈ అబ్దుల్ మజీద్ గారు మనకు దగ్గర చుట్టమే. ఆయన కూతురు దుర్రుషెవార్‌ని మన ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాకి ఇచ్చి 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో పెళ్లి చేశారు. అదే రోజు ఒట్టోమన్ వంశంలోనే ఇంకో అమ్మాయిని రెండో కొడుక్కి చేశారు. ఆమె పేరు నీలోఫర్. మీ పిల్లల్ని రెడ్‌హిల్స్‌లో ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో గుర్తు తెచ్చుకోండి. ఆ నీలోఫరే. పురానీ హవేలీ దగ్గర దుర్రుషెవార్ పేరుతోనూ ఆసుపత్రి ఉంది. ఇస్తాంబుల్ అంత దూరం కాదు లెండి మనకి.

1928 ఆగస్టు 9 రాత్రి ఇస్తాంబుల్‌లోని గుల్హానే పార్కులో దేశాధ్యక్షుడు ముస్తఫా కెమాల్ కొత్త అక్షరాల సంగతి ప్రకటించాడు. నవంబర్ 1న చట్టం వచ్చింది. డిసెంబర్ 1 నుంచి పేపర్లన్నీ లాటిన్ అక్షరాల్లో రావాలి. 1929 జనవరి 1 నుంచి పుస్తకాలూ అంతే. అంటే ప్రకటనకీ పేపర్లు మారడానికీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు. ఇది మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోను. టర్కీ భాషలో అచ్చులు ఎక్కువ, అరబ్బీ లిపిలో వాటికి గుర్తులు చాలవు, చదువు నేర్పడం కష్టం అన్న వాదనలో పస ఉంది. మనకూ వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి గారు పోట్లాడిన రోజులు ఉన్నాయి కదా. కానీ చేత్తో రాసి బతికేవాడి వైపు నుంచి చూడండి. షాపు బోర్డు, పత్రిక పేరు, బడి సర్టిఫికెట్, సమాధి రాయి, అన్నీ ఒక్కసారి వేరే లిపి అయిపోయాయి. ముప్పై ఏళ్లు దిద్దిన అక్షరాన్ని కొనేవాడు లేడు. మాకు ఫ్లెక్సీ మెల్లగా వచ్చింది, ఐదారేళ్లు పట్టింది. మేం దానికే టెన్షన్‌తో నిద్రపోలేదు. వాళ్లకి ఒక్క చలికాలంలో అయిపోయింది.

హామిద్‌కి అప్పుడు ముప్పై ఏడేళ్లు. మంచి పనిమంతుడిగా పేరొచ్చిన వయసు. ఆయన ఏం చేశారు? దేశం వదిలిపోలేదు, ఊరేగింపులు తియ్యలేదు. జింకు బ్లాకులు చేయించడం, ఉబ్బెత్తు అచ్చు, లేబుళ్లు, కార్డులు మొదలుపెట్టారు. లాటిన్ అక్షరాల్లో. చెయ్యి అదే, కొలత అదే, అక్షరం వేరు. 1934లో ఇంటిపేర్ల చట్టం వస్తే ఐతాచ్ అని పెట్టుకున్నారు.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. ఈ భాగాన్ని చాలామంది కన్నీళ్లతో చెబుతారు. మహాకళాకారుడు సబ్బు లేబుళ్ల పాలయ్యాడు అని. నాకు అలా అనిపించదు. లేబుల్ రాస్తే చెయ్యి పాడవదు. చెయ్యి పాడయ్యేది రాయకుండా కూర్చుంటే. జాలోలూలో ఆ దుకాణం తెరిచి ఉండబట్టే, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఆయన ఎక్కడ దొరుకుతారో తెలిసింది. లేబుళ్లు ఆ దీపంలో నూనె.

వెతుక్కుంటూ మొదట వచ్చింది పని. లిపి మారినా ఖురాన్ మారలేదు కదా, మసీదు గోడ మీద రాత పాత లిపిలోనే ఉండాలి. 1945లో ఇస్తాంబుల్‌లో షిష్లీ అనే పేటలో కొత్త మసీదు కట్టడం మొదలుపెట్టారు, 1949లో పూర్తయింది. రిపబ్లిక్ వచ్చాక పాత ఒట్టోమన్ పద్ధతిలో ఆ ఊళ్లో కట్టిన తొలి మసీదుల్లో ఒకటి. దాని రాతల్లో హామిద్‌ది పెద్ద చెయ్యి. ఆయన పేరు చెప్పగానే అందరూ తలుచుకునే పని అదే.

అలాంటి పెద్ద అక్షరాలు ఎలా రాస్తారో మా బోర్డులవాళ్లకి చెబితే సంబరపడతారు. ఈ రంగంలో పాత పద్ధతి ఏంటంటే, నల్లకాగితం మీద పసుపుపచ్చ హరిదళం సిరాతో రాస్తారు. హరిదళం విషం, ఆర్సెనిక్ ఉంటుంది అందులో. ఆరాక అంచులు సూదికలంతో సరిచేస్తారు. నచ్చే దాకా, నెలలు పట్టినా సరే. తరవాత దాని కింద వేరే కాగితాలు పెట్టి అక్షరం అంచు వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ చిల్లుల కాగితాన్ని గోడకో పాలరాతికో ఆనించి, మసిపొడి మూట కట్టి అద్దుతారు. చుక్కలు చుక్కలుగా అక్షరం దిగుతుంది. రాయి చెక్కేవాడు ఆ చుక్కల వెంట చెక్కుతాడు. మేమూ గోడల మీద పార్టీ గుర్తులు ఇలాగే దించేవాళ్లం, బొగ్గుపొడితో! ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో గానీ కిటుకు మాత్రం ఒకటే.

(సభలోంచి ఒక ప్రశ్న: ఆయన సంపాదించుకున్నారా అని)

లేదండీ. పేరున్నవాడే, డబ్బున్నవాడు కాదు. ముసలితనంలో కూడా ఆ పేటలోని పాత వ్యాపారభవనంలో చిన్న గదిలో పని చేసుకుంటూ, అక్కడే ఉంటూ గడిపారు. అయితే ఆ గదిలో ఆయన చేతి మీదుగా రెండు పూర్తి ఖురాన్లు తయారయ్యాయి. ఒక్క ఖురాన్ రాయడమంటే ఆరు వేలకి పైగా వాక్యాలు, ఒక్క చుక్క తప్పిపోకూడదు.

రెండోసారి వెతుక్కుంటూ వచ్చింది మనుషులు. నా పేచీ ఇక్కడుంది. చివరివాడు అంటే ఆయన తరవాత ఎవరూ లేరని కదా అర్థం?

బాగ్దాద్ నుంచి హాషిమ్ ముహమ్మద్ అనే ఆయన వచ్చాడు. 1950లో హామిద్ దగ్గర ఇజాజత్ తీసుకున్నాడు, 1952లో మళ్లీ ఒకటి. తరవాత అరబ్ ప్రపంచమంతా చేతపట్టుకున్న అభ్యాస పుస్తకం రాసింది ఈయనే. ఇందాక యాకూత్ గురించి చెప్పాను, బాగ్దాద్‌లో మినార్ ఎక్కినాయన. ఆ విద్య బాగ్దాద్ నుంచి అమాస్యాకి, ఇస్తాంబుల్‌కి వెళ్లింది. ఏడు వందల ఏళ్ల తరవాత, సొంత దేశంలో లిపే లేకుండా పోయిన ఒక ముసలాయన దాన్ని తీసి బాగ్దాద్‌కి తిరిగి ఇచ్చేశాడు. అప్పు తీర్చినట్టు! ఇది చదివిన రోజు నేను మా ఆవిణ్ని పిలిచి కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆవిడకు పప్పు మాడిపోయింది.

తరవాత హసన్ చెలెబీ. 1937లో ఎర్జురుమ్ దగ్గర పల్లెటూళ్లో పుట్టాడు. అంటే కొత్త లిపి వచ్చాక పుట్టినవాడు. మసీదులో పనిచేస్తూ ఉండేవాడు. 1964లో హలీం ఓజ్‌యజిజీ అనే ఇంకో పెద్ద హత్తాత్ దగ్గర మొదలుపెట్టాడు. అదే ఏడు హలీం గారు పోయారు. అప్పుడు హామిద్ దగ్గర చేరాడు. ఇజాజత్ 1971లో. ఏడేళ్లు! ఎందుకు నేర్చుకున్నట్టు? ఆ రోజుల్లో టర్కీలో దాంతో అన్నం దొరికే పని లేదు. ఉద్యోగం రాదు. నేను ఎన్నిసార్లు ఆలోచించినా నాకు దొరికిన జవాబు ఒకటే: మంచి అక్షరాన్ని పక్కన కూర్చుని చూస్తే ఆగలేం. ఛత్తాబజార్‌లో నేను ఆగలేకపోయినట్టే.

హామిద్ 1982 మే 18న పోయారు. తొంభై ఒక్క ఏళ్లు. ఇస్తాంబుల్ ఆసియా వైపున ఉస్కుదార్‌లో కరజా అహ్మెత్ అనే పెద్ద శ్మశానం ఉంది. షేక్ హమ్దుల్లా సమాధి అక్కడే. ఆ తరవాతి హత్తాత్‌లు ఆయన పక్కన ఇంత చోటు దొరికితే చాలనుకునేవారు. హామిద్‌ని కూడా అక్కడే, షేక్‌కి దగ్గరలో పెట్టారు. నాలుగేళ్ల తరవాత 1986లో ఇర్సికా అనే ఇస్లామిక్ కళల పరిశోధనాకేంద్రం ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ కాలిగ్రఫీ పోటీలు మొదలుపెట్టింది. మొదటి పోటీ హామిద్ ఐతాచ్ పేరు మీదే. 2021లో యునెస్కో ఈ రాతను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. జాబితాల గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు గానీ, ఆ పోటీలు మాత్రం నిజంగా పని చేశాయి. ఎక్కడెక్కడి కుర్రాళ్లో రెల్లు కలాలు కోసుకోవడం మొదలుపెట్టారు.

ఇంక ఒక్క ముచ్చట చెప్పి దిగిపోతాను. అమెరికాలో కాలిఫోర్నియాలో 1942లో పుట్టిన ఒకాయన ఉన్నాడు, ముహమ్మద్ జకరియా. ఫ్యాక్టరీలో మెషిన్ల పని చేసిన మనిషి. చాలావరకు సొంతంగానే అరబ్బీ రాత పట్టుకున్నాడు. 1984లో ఇస్తాంబుల్‌కి పిలిచి, హసన్ చెలెబీకి అప్పగించారు. ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా పక్కన పెట్టి మొదటి పాఠం నుంచి రమ్మన్నారు. 'రబ్బీ యస్సిర్' నుంచి. ఆయన అమెరికాలో, గురువు ఇస్తాంబుల్‌లో. మరి ఎలా? పోస్టులో. ఈయన రాసి కవరులో పెట్టి పంపుతాడు, ఆయన దిద్ది తిరుగు టపాలో పంపుతాడు. అలా నేర్చుకుని 1988లో ఇజాజత్ తీసుకున్నాడు.

2001 సెప్టెంబర్ 1న అమెరికా తపాలాశాఖ ఈద్ పండగకి ఒక స్టాంపు తెచ్చింది. 34 సెంట్లది. నీలం మీద బంగారు రంగులో 'ఈద్ ముబారక్' అని అరబ్బీలో ఉంటుంది, సులుస్ రాత. రాసింది జకరియా. జకరియాకి నేర్పింది హసన్ చెలెబీ. హసన్ చెలెబీకి నేర్పింది జాలోలూలో లేబుళ్లు రాసుకునే ఆయన. ఆ స్టాంపు కూడా సైజులో ఒక లేబులంతే ఉంటుంది.

అట్లాంటాలో ఉండే మా మేనల్లుడు ఒకటి సంపాదించి పంపాడు. ఇదిగో, ఈ ప్లాస్టిక్ కవర్లో ఉంది. భూతద్దం కూడా తెచ్చాను. ముందువరసలో ఉన్నవాళ్లు చూసి వెనక్కి ఇవ్వండి. అమ్మా, మీరు తీసుకోండి. తొందరేం లేదు, నిలువుగీత ఎన్ని చుక్కల పొడుగుందో లెక్కపెట్టుకుని, అప్పుడు పక్కవాళ్లకి ఇవ్వండి.